కాంగరీ పాత అడవిలో చెక్కబాట నడక: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో ఎలా వెళ్ళాలి

షార్లెట్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళకు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వారికి చూపించే చోట్ల జాబితా చాలావరకు గుడులతో, జలపాతాలతో, పెద్ద దుకాణాలతో నిండిపోతుంది. అడవికి వెళ్దామంటే చాలు, కొండ ఎక్కాలేమో, రాళ్ళ మీద నడవాలేమో అన్న సంకోచంతో "మీరు వెళ్ళి రండి, నేను కారులో కూర్చుంటాను" అనే మాట పెద్దవారి నోట వస్తుంది. మా అమ్మ కూడా రెండేళ్ళ పాటు అదే మాట అన్నది. ఆమె కారు దిగి, చివరిదాకా తిరిగి చూసిన మొదటి అమెరికా అడవి కాంగరీ. అందువల్ల ఈ నడకను ఎలా ఏర్పాటు చేసుకోవాలో, నడకలో చక్కగా నడవలేనివారికీ, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికీ ఏది ఎలా చూపించాలో వివరంగా రాస్తున్నాను.

కాంగరీ జాతీయ వనం దక్షిణ కరొలైనా రాజధాని కొలంబియాకు ఆగ్నేయంగా సుమారు 20 మైళ్ళ దూరంలో ఉంది. షార్లెట్ నుంచి కారులో రెండు గంటలకు కాస్త అటూఇటూగా చేరవచ్చు. అట్లాంటా నుంచి వచ్చేవారు మూడున్నర గంటలకు పైగా పెట్టుకోవాలి. ప్రవేశ రుసుము లేదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో నదుల ఒడ్డున ఒకప్పుడు విస్తరించి ఉన్న వరద మైదానపు పాత అడవుల్లో, ఇంత పెద్దదిగా, ఇంత చెక్కుచెదరకుండా మిగిలినది ఇది ఒక్కటే. ఆ అడవి లోపలికి సుమారు 2.6 మైళ్ళ పొడవున, అంటే నాలుగు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువగా, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేలా ఒక చెక్కబాట వేశారు. అక్కడివారు దీనిని బోర్డ్‌వాక్ అంటారు. దారిలో మెట్లు గానీ, చెప్పుకోదగిన ఎత్తుపల్లాలు గానీ లేవు.

మొదట నెలను ఎంచుకోండి

మన పెద్దవారు ఎక్కువగా వేసవి సెలవుల్లో వస్తారు. కాంగరీకి సరిగ్గా ఆ కాలమే అనుకూలం కాదు. మే నెల మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఎండ, ఉక్కపోత, దోమలు మూడూ కలిసి వస్తాయి. దోమల ఉధృతిని చెప్పడానికి సందర్శకుల కేంద్రం దగ్గర ఒక బోర్డు కూడా పెట్టారు. దాని మీద ముల్లు ఒకటో అంకె దగ్గర ఉంటే దోమలు లేవని, ఆరు దగ్గర ఉంటే యుద్ధభూమి అని అర్థం. రక్తపోటు, మధుమేహం ఉన్నవారిని ఆ వేడిలో రెండు గంటలు తిప్పడం మంచిది కాదు. వేసవిలో తప్ప మరి వీలుపడకపోతే ఉదయం వీలైనంత త్వరగా బయలుదేరి, ఎండ ముదిరేలోపు ముగించుకోండి.

మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు వరకు నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కాలం. బాల్డ్ సైప్రస్ చెట్లు లేత ఆకుపచ్చ చిగుళ్ళు తొడుగుతాయి, దక్షిణాది నుంచి వలస వచ్చిన పసుపుపచ్చని ప్రోథొనోటరీ వార్బ్లర్ పిట్టలు నీటి మీదుగా ఎగురుతుంటాయి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో అవే సైప్రస్ చెట్ల ఆకులు ఇటుక రంగుకు తిరిగి రాలతాయి. సూదుల వంటి ఆకులున్న చెట్టు అయినా ఏటా ఆకు రాల్చి బోసిపోతుంది కనుకనే దానికి బట్టతల సైప్రస్ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. చలికాలంలో దోమలు ఉండవు, ఆకులు లేనందువల్ల అడవి లోపలికి చాలా దూరం చూపు పోతుంది. అయితే వరదలు కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి.

మే నెల మధ్య నుంచి జూన్ మధ్య వరకు కొన్ని రాత్రులు ఇక్కడ మిణుగురు పురుగులు వేలాదిగా ఒకే లయలో వెలిగి ఆరుతాయి. దానిని చూడడానికి ముందుగా లాటరీలో పేరు నమోదు చేసుకోవాలి. చీకట్లో నడవలసిన ఆ కార్యక్రమం వేరు, ఇక్కడ నేను చెబుతున్న పగటి నడక వేరు. పెద్దవారి కోసమైతే రెండింటినీ కలపకండి.

తరువాత నీటి మట్టం తెలుసుకోండి

ఈ అడవిని పోషించేది నది. కొలంబియా నగరం దగ్గర బ్రాడ్, సలూడా నదులు కలిసి కాంగరీ నది అవుతుంది. అది ఏడాదికి సగటున పది సార్లు గట్లు దాటి అడవిలోకి ప్రవేశించి, ఒండ్రు పరిచి వెళ్ళిపోతుంది. గోదావరి లంకల్లో పుట్టి పెరిగినవారికి ఈ ఒండ్రు విలువ ఎవరూ చెప్పనవసరం లేదు. ఏటా కొత్త మట్టి అందే ఈ నేలలో చెట్లు అంత ఎత్తు పెరగడానికి అదే కారణం. నేల ఏడాది పొడవునా నీటిలో ఉండదు కాబట్టి దీనిని చిత్తడినేల అనడం కూడా పూర్తిగా సరి కాదు, వరద మైదానం అనడమే సరైనది.

ప్రయాణానికి సంబంధించి ఇందులో గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. మీరు వెళ్ళే రోజు ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన బాట పొడిగా ఉంటుందని అనుకోకండి. ఎగువన కొండ ప్రాంతంలో కురిసిన వాన కిందికి రావడానికి రోజులు పడుతుంది. భద్రాచలం దగ్గర చినుకు లేకపోయినా మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వానలకు గోదావరి పొంగినట్టే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే రోజు ఉదయం మరొకసారి వనం అధికారిక వెబ్‌సైటులో హెచ్చరికలు చూడండి. అక్కడ నదీ మట్టాల వివరాలకు దారి ఉంటుంది, మరమ్మతుల కోసం చెక్కబాటలో ఏ భాగమైనా మూసి ఉంటే అదీ చెబుతారు. సందేహం ఉంటే ఫోను చేసి, "చక్రాల కుర్చీతో వస్తున్నాము, చుట్టు మొత్తం తిరగడానికి వీలవుతుందా?" అని సూటిగా అడగండి. ఇలా అడగకుండా మొదటిసారి వెళ్ళి, బాటలో నేలకు దగ్గరగా సాగే భాగమంతా నీటిలో మునిగి ఉండగా, కొంత దూరం మాత్రమే చూసి వెనుదిరిగాము. ఎత్తు మీద ఉన్న భాగం సాధారణ వరదల్లో మునగదు కాబట్టి అప్పుడు కూడా ప్రయాణం పూర్తిగా వృథా కాలేదు. కింద గోధుమ రంగు నీరు మాను మానునూ చుట్టుకుని నిశ్శబ్దంగా కదలడం ఆనాడే చూశాను.

వెంట తీసుకువెళ్ళవలసినవి

వనం లోపల హోటళ్ళు లేవు. పెరుగన్నం, పులిహోర ఏది కట్టుకున్నా సందర్శకుల కేంద్రం దగ్గర కూర్చుని తినవచ్చు. మంచినీళ్ళు మనిషికి ఒక లీటరు తక్కువ కాకుండా పెట్టుకోండి. మరుగుదొడ్లు ఆ కేంద్రం దగ్గరే ఉన్నాయి, బాట పొడవునా మరెక్కడా లేవు కనుక పెద్దవారిని బయలుదేరే ముందు తప్పకుండా వెళ్ళి రమ్మనండి. లోపలికి వెళ్ళాక ఫోను సిగ్నల్ నమ్మదగినది కాదు, అందువల్ల మ్యాపును ముందే దించుకోండి. చేతులకు, పాదాలకు రాసుకోవడానికి దోమల మందు వెచ్చని నెలల్లో తప్పనిసరి.

పాదరక్షల విషయంలో కొంచెం పట్టుదల చూపించండి. తడిసిన చెక్క మీద, రాలిన ఆకుల మీద చెప్పులు జారతాయి. చీర కట్టుకున్నా సరే, కింద పట్టున్న బూట్లు వేసుకోమని అమ్మలను ఒప్పించాలి. చక్రాల కుర్చీలో కూర్చునేవారైతే కుచ్చిళ్ళు, పైట చెంగు చక్రాల్లో పడకుండా ఒడిలోకి సర్దాలి. విమానాశ్రయాల్లో కనిపించే చిన్న చక్రాల కుర్చీ కన్నా పెద్ద వెనుక చక్రాలున్న కుర్చీ ఈ చెక్కల మీద చాలా సుఖంగా వెళ్తుంది; చిన్న చక్రాలు పలకల మధ్య సందుల దగ్గర కుదుపునిస్తాయి. పిల్లల బండికీ ఇదే వర్తిస్తుంది.

సందర్శకుల కేంద్రంలో పావుగంట గడపండి

ఈ కేంద్రానికి హ్యారీ హాంప్టన్ పేరు పెట్టారు. ఆయన ఎవరో మీతో వచ్చిన పెద్దవారికి చెప్పి మొదలుపెడితే, తరువాత చూసేదానికి అర్థం పెరుగుతుంది. ఆయన కొలంబియాకు చెందిన పత్రికా రచయిత, వేటగాడు. 1950ల నుంచే ఈ అడవిని కాపాడాలని రాస్తూ, మాట్లాడుతూ వచ్చారు. అప్పట్లో ఆయన మాట విన్నవారు తక్కువ. అంతకు ముందే, 19వ శతాబ్దం చివరలో, షికాగోకు చెందిన ఫ్రాన్సిస్ బీడ్లర్ కలప సంస్థ ఇక్కడి భూములు కొన్నది. నరికిన పచ్చి సైప్రస్ దుంగలు చాలావరకు తేలకుండా మునిగిపోవడం, బురదలో దూరం పోవడం అసాధ్యం కావడం వల్ల ఆ సంస్థ 1915 నాటికి పని ఆపివేసింది. 1969లో కలప ధరలు పెరిగి, గొడ్డలి మళ్ళీ దిగేలా ఉన్నప్పుడు స్థానికులు ఉద్యమించారు. 1976 అక్టోబరు 18న ఇది జాతీయ స్మారక ప్రాంతమైంది, 2003 నవంబరులో జాతీయ వనంగా మారింది.

ఇక్కడ మూడు పనులు చేయండి. దోమల బోర్డు చూడండి. బాట ఏ భాగాలు తెరిచి ఉన్నాయో బల్ల దగ్గర ఉన్న రేంజరును అడగండి. బాట పక్కన నాటిన అంకెల గుర్తులకు వివరణ ఇచ్చే కరపత్రం అడిగి తీసుకోండి. ఆ కరపత్రం ఆంగ్లంలో ఉంటుంది కాబట్టి మీలో ఒకరు దానిని ముందే చదువుకుని, ప్రతి మజిలీ దగ్గరా తెలుగులో చెప్పేలా ఉంటే పెద్దవారికి అది నడకలా కాక కథలా సాగుతుంది.

ఎంత దూరం వెళ్ళాలో అప్పుడే తేల్చుకోవడం మేలు. చుట్టు మొత్తం తిరగడానికి పెద్దవారితో రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఎత్తు మీద సాగే బాట వెంట వెస్టన్ సరస్సు వరకు వెళ్ళి అదే దారిన వెనక్కి రావచ్చు. సగం చూశామన్న లోటు ఎవరికీ కలగదు. కూర్చోవడానికి బల్లలు దారిలో అక్కడక్కడా ఉన్నాయి, మోకాళ్ళు అడగకముందే ప్రతి బల్ల దగ్గరా ఆగండి.

బాట మీద: నెమ్మదిగా, ఒక్కో చోట ఆగుతూ

మొదట బాట నేలకు చాలా ఎత్తున సాగుతుంది. కింద నల్లగా, మెత్తగా కనిపించే బురదకు డోరొవాన్ మక్ అని పేరు. బంకమట్టి, కుళ్ళిన ఆకులు కలిసి సుమారు ఎనిమిది అడుగుల మందాన పేరుకున్న పొర అది. పైన ఉన్న మెరక నుంచి ఊరే నీటితో ఎప్పుడూ తడిగా ఉండి, కలుషితాలను పట్టి ఉంచుకుంటుంది. ఇక్కడ ఒక నిమిషం ఆగి వాసన చూడమనండి. ఆకుమడిలో ఎండుటాకులు కుళ్ళినప్పుడు వచ్చే వాసనే అది. మా అమ్మ పేరు అడగకుండానే దానిని గుర్తుపట్టింది.

కొద్ది దూరంలో మరుగుజ్జు పాల్మెటో మొక్కలు కనిపిస్తాయి. తాటాకును విసనకర్రగా కోసి నేలలో గుచ్చినట్టు ఉంటాయి. తాటి కుటుంబానికే చెందిన మొక్కలు కాబట్టి ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. పెద్దవారికి ముందుగానే ఒక మాట చెప్పి ఉంచండి. తెలియని మొక్క కనిపిస్తే ఆకు తుంచి, నలిపి, వాసన చూడడం మన పల్లెల్లో పెరిగినవారికి చేతి అలవాటు. ఇక్కడ ఆ పని వద్దు. వనంలో ఆకు తుంచడం నియమాలకు విరుద్ధం, అంతకన్నా ముఖ్యంగా పాయిజన్ ఐవీ అనే తీగ అడవి అంతటా ఉంది. మూడేసి ఆకుల గుత్తులతో, మాను మీద పాకినప్పుడు కాండానికి వెంట్రుకల్లాంటి వేళ్ళతో కనిపిస్తుంది. తాకితే దురద, బొబ్బలు రోజుల తరబడి బాధిస్తాయి.

సైప్రస్, టుపెలో చెట్లు గుంపుగా ఉన్న చోటికి చేరాక కనీసం పది నిమిషాలు ఆగండి. ఈ అడవిలో అన్నిటికన్నా నాకు ఇష్టమైన చోటు అది. రెండు చెట్లకూ మాను అడుగుభాగం కడవలా ఉబ్బి ఉంటుంది. మెత్తని నేలలో, వరద నీటిలో నిలబడడానికి ఆ వెడల్పు ఆసరా ఇస్తుంది. సైప్రస్ చుట్టూ నేలలోంచి కొయ్యగా, కొనదేరి పైకి పొడుచుకొచ్చినవి చూసి మా అమ్మ చెదపుట్టలనుకున్నది. అవి ఆ చెట్టు వేళ్ళ నుంచే లేచిన మొలకల వంటి భాగాలు, వాటిని అక్కడ మోకాళ్ళు అంటారు. అవి ఎందుకు పెరుగుతాయో శాస్త్రవేత్తలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు; వేళ్ళకు గాలి అందించడానికని కొందరు, చెట్టును నిలబెట్టడానికని కొందరు అంటారు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్కబాట మీద నడిచినవారికి బురదలోంచి పైకి వచ్చిన శ్వాసవేళ్ళు గుర్తుకు వస్తాయి. మడ చెట్ల విషయంలో ఆ వేళ్ళు గాలి పీల్చడానికేనని స్పష్టంగా తెలుసు, సైప్రస్ విషయంలో ఆ స్పష్టత లేదు. కోరింగది ఉప్పునీటి అడవి, ఇది మంచినీటి అడవి అన్న తేడాను కూడా ఇక్కడే చెప్పండి.

బాట క్రమంగా నేలకు దగ్గరగా దిగుతుంది. ఈ భాగంలో పట్టుకోవడానికి కమ్మీలు అన్ని చోట్లా ఉండవు. కుర్చీ తోసేవారు ఫొటోల కోసం చేతులు వదలకూడదు. ఆగినప్పుడల్లా బ్రేకు వేయాలి. చిన్నపిల్లలు అంచు వైపు కాకుండా మధ్యలో నడవాలి. నేల కొన్ని చోట్ల నాగలితో దున్నినట్టు తిరగబడి ఉంటే అది అడవి పందుల పని. అవి ఇక్కడి సహజ జీవులు కావు, పూర్వం మనుషులు తెచ్చిన పెంపుడు పందుల సంతతి. పాములు కనిపించవచ్చు. వాటిలో ఎక్కువ విషం లేని నీటిపాములే అయినా, కాటన్‌మౌత్ వంటి విషసర్పాలు కూడా ఉన్నాయి కనుక బాట దిగకుండా చూడండి, కంగారు పడనవసరం లేదు.

మానుల మీద ఒకే ఎత్తున కనిపించే మట్టి చార గతంలో వచ్చిన వరద ఆనవాలు. పెద్దవారి భుజం దగ్గరకు అది వస్తుందో, తల దాటుతుందో పోల్చి చూపించండి. ఏడాదికి పది వరదలు అన్న మాట అప్పుడు కళ్ళకు కడుతుంది.

తల పైకెత్తి చూడవలసినవి లాబ్‌లోలీ పైన్ చెట్లు. మామూలుగా మెరక నేలల్లో పెరిగే ఈ పైన్ చెట్లు ఇక్కడ ఓక్, స్వీట్‌గమ్ చెట్ల మధ్య పెరిగి 160 అడుగులు దాటాయి, అంటే పదిహేను అంతస్తుల భవనం ఎత్తు. నిలబడి అంత పైకి చూస్తే మెడ పట్టేసి, కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవారిని బల్ల మీద కూర్చోబెట్టి, వెనక్కి ఆనుకున్నాక చూడమనండి. చెట్ల మధ్య అక్కడక్కడా ఆకాశం తెరుచుకున్న ఖాళీలు కనిపిస్తాయి. 1989 సెప్టెంబరులో వచ్చిన హ్యూగో తుపాను అనేక మహావృక్షాలను కూల్చింది. పడిన మానులను అక్కడే వదిలివేశారు. వాటి మీద నాచు, పుట్టగొడుగులు, కొత్త మొక్కలు పెరుగుతున్నాయి. 1977 దివిసీమ ఉప్పెన తరువాత పడిపోయిన చెట్లను చూసినవారు మీ కుటుంబంలో ఉంటే, వారు మాట్లాడడానికి ఇక్కడ సమయం ఇవ్వండి.

ఒక మజిలీ దగ్గర తుప్పుపట్టిన ఇనుప పాత్ర వంటివి కనిపిస్తాయి. 1920ల్లో మద్యనిషేధం అమలులో ఉన్నప్పుడు దొంగచాటుగా సారా కాచిన బట్టీ అవశేషాలు అవి. అంతకు ఎంతో ముందు, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్ అమెరికన్లు వెతికేవారికి చిక్కకుండా ఇదే అడవిలో దాగి బతికారు. ఈ విషయాన్ని పిల్లలకు బాట మీదనే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ దట్టమైన నీడను చూస్తూ వింటే అది వారికి ఊరికే చరిత్ర పాఠంలా అనిపించదు.

వెస్టన్ సరస్సు దగ్గర విశ్రాంతి

సరస్సు ఒడ్డున బాట వెడల్పై, కూర్చుని చూడడానికి వీలుగా ఉంటుంది. మీరు తెచ్చుకున్న నీళ్ళు, పండ్లు ఇక్కడ తీసుకోండి. తొక్కలు, కాగితాలు సంచిలోనే తిరిగి తీసుకురండి. ఇది ఒకప్పుడు కాంగరీ నదిలో ఒక వంపు. నది ఒండ్రు వేసుకుంటూ, గట్టు కోసుకుంటూ మెల్లగా దక్షిణానికి జరిగి, ఇప్పుడు రెండు మైళ్ళకు పైగా దూరంలో ప్రవహిస్తోంది. తెగిపోయిన వంపు సరస్సుగా మిగిలింది. దుంగల మీద ఎండకు కూర్చున్న తాబేళ్ళు దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. పొడవాటి ముక్కున్న గార్ చేపలు అప్పుడప్పుడు నీటి పైకి వస్తాయి. ఇక్కడ ఐదు నిమిషాలు అందరూ మాట్లాడకుండా ఉంటే వడ్రంగిపిట్ట మానును కొట్టే చప్పుడు, వీలైతే పగటిపూట కూడా కూసే బార్డ్ గుడ్లగూబ కూత వినిపిస్తాయి.

తిరుగు దారి మళ్ళీ ఎత్తు మీది బాట. అలసట వచ్చేది ఇక్కడే. ముందు నడిచేవారు పెద్దవారి అడుగుకు తగ్గట్టు నడవాలి. కుర్చీ తోసేవారు మారుతూ ఉండాలి. సందర్శకుల కేంద్రం సాయంత్రం ఐదు గంటలకు మూస్తారు, వనం మాత్రం తెరిచే ఉంటుంది. అయినా కరపత్రంలో తేలని సందేహాలు రేంజరును అడగాలంటే నాలుగున్నరలోపు చేరుకునేలా చూసుకోండి.

కారు ఎక్కే ముందు బూట్లకు అంటిన మట్టి దులుపుకోండి. ఇంటికి చేరిన వెంటనే స్నానం చేసి, మోకాళ్ళ వెనుక, నడుము దగ్గర, చెవుల వెనుక పేలు వంటి చిన్న పురుగులేమైనా పట్టాయేమో చూసుకోవాలి. అవి రక్తం తాగే గోమార్లు. పెద్దవారికి చూపు ఆనదు కనుక ఆ పని మీరే చేయండి. వేసుకున్న బట్టలను మిగతావాటితో కలపకుండా విడిగా వేడినీళ్ళలో ఉతకండి.